నేను కొట్టేసిన జవాబు

డిబేట్‌కు జడ్జిగా రమ్మని పిలుపు అందుకున్న కొత్త లెక్చరర్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. మార్కుల షీటు ఎట్లా నింపాలి మేడం? షీటు నింపడానికి జడ్జి ఎందుకు, కూడికలు వచ్చిన వాళ్ళెవరైనా నింపుతారు అని విసుక్కుంటాను. విసుక్కున్నాక జాలేస్తుంది. మొదటిసారి కూర్చున్నప్పుడు నాకు ఆ కూడిక కూడా సరిగ్గా రాలేదు. ఒక పిల్లవాడికి నూటికి నూట నాలుగు వేసి సంతకం పెట్టి ఇచ్చాను.

నేను గిద్దలూరులో ముప్పై ఏళ్ళకు పైగా ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పి, మూడేళ్ళ కిందట రిటైరయ్యాను. సివిక్స్ చెప్తావు కాబట్టి పార్లమెంటు సంగతి నీకే తెలుస్తుంది అని ఈ జడ్జి పని కూడా నా నెత్తిన పెట్టారు. నిజానికి పార్లమెంటును నేను టీవీలో తప్ప చూడలేదు. కానీ దర్శి నుంచి గిద్దలూరు దాకా ఏ హాల్లో పిల్లలు లేచి "అధ్యక్షా" అన్నా నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. మనిషి తనది కాని మాటను తన నోటితో అంత గట్టిగా ఎట్లా చెప్పగలడు? చెప్తూ చెప్తూ ఆ మాట తనదే అయిపోతుందా, లేక మెట్లు దిగగానే చెప్పుల్లా విప్పేస్తాడా? ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు పూర్తిగా అంతుపట్టని సంగతి ఇదే.

ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి నేనేమీ చెప్పబోవడం లేదు, అవి ఎవరివైనా ఒకటే. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఒకటుంది, అది చెప్పాలి. దానికి ముందు ఈ ఆట ఎట్లా ఆడతారో కాస్త చెప్పకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

ఆట

ముందు ఒక తీర్మానం ఇస్తారు. ఈ సభ ఫలానా పని చేస్తుంది అన్నట్టు ఉంటుంది దాని వాక్యం. ముగ్గురు ప్రభుత్వ పక్షం, ముగ్గురు ప్రతిపక్షం. ఎవరిది ఏ పక్షమో చీటీ తీసి తేలుస్తారు, పిల్లల ఇష్టంతో పని లేదు. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. మొదటి నిమిషం, చివరి నిమిషం వదిలేసి, మధ్యలో అవతలి పక్షం వాళ్ళు లేచి నిలబడి ప్రశ్న అడగవచ్చు. మాట్లాడేవాళ్ళు దాన్ని తీసుకోవచ్చు, లేదా చెయ్యి ఊపి కూర్చోమనవచ్చు. ఒక్కటి కూడా తీసుకోకపోతే భయపడ్డట్టు లెక్క, మార్కు తగ్గుతుంది.

ప్రశ్న తీర్మానం మీద ఉండాలి. ఎదుటి మనిషి మీద, వాళ్ళ ఇంటి మీద ఉండకూడదు. అట్లాంటిది వస్తే స్పీకరు అక్కడికక్కడ ఆపి, దీన్ని సభ రికార్డు నుంచి తీసేస్తున్నాను అని ప్రకటించాలి. తీసేసిన ప్రశ్నకు మార్కు ఉండదు. దానికి ఇచ్చిన జవాబు ఎంత గొప్పదైనా దానికీ ఉండదు.

ఇక జడ్జి సంగతి. సభలో చెప్పిన మాటకే మార్కు వేయాలి. జడ్జికి సొంతంగా తెలిసింది, జడ్జి మనసులో ఊహించుకున్నది అక్కడ పనికిరాదు. చివర్లో ఫలితం చెప్పేటప్పుడు ఎవరు ఎందుకు గెలిచారో, ఏ మాట గెలిపించిందో మైకులో అందరి ముందూ చెప్పాలి. కారణం దాచిపెట్టి ఫలితం ఒక్కటే చెప్పే జడ్జిని పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా.

మా వైపు ఇంకో అలవాటుంది, ఏ నిబంధనల పుస్తకంలోనూ లేనిది. మనుషులు చాలక పెద్ద జడ్జినే స్పీకరు కుర్చీలో కూడా కూర్చోబెడతారు. సభ నడిపేదీ వాళ్ళే, మార్కులేసేదీ వాళ్ళే. ఇది చెడ్డ అలవాటు. చెడ్డదని నేను ఏనాడూ నోరు తెరిచి అనలేదు, ఎందుకంటే ఆ ఎత్తు కుర్చీలో కూర్చోవడం నాకు బాగుండేది.

గొంతుకు మార్కులు

నన్ను మొదట జడ్జిగా కూర్చోబెట్టింది మా అప్పటి ప్రిన్సిపాల్ సారు. లెక్కల మనిషి, ముక్కు మీద కోపం. నూట నాలుగు మార్కుల షీటు చూసి ఆయన తిట్టలేదు, అదే ఆశ్చర్యం. ఆ అబ్బాయి ఏం చెప్పాడో ఒక్క పాయింటు చెప్పు అని అడిగాడు. ఎంత గుర్తు చేసుకున్నా ఒక్కటీ రాలేదు. గొంతు చాలా బాగుంది సార్ అన్నాను.

"గొంతుకు మార్కులేసేదైతే మైకు సెట్టుకు కూడా ఎయ్యాల గదమ్మా," అన్నాడు ఆయన. స్టాఫ్ రూములో అందరూ పడీపడీ నవ్వారు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. అందరూ వెళ్ళాక పిలిచి, జడ్జి సీట్లో కూర్చుంటే తల వంచుకుని రాసుకోమని, మొహాలు చూస్తే మార్కు మొహానికి పడుతుందని చెప్పాడు. ఆ రోజు నుంచి నేను తల ఎత్తకుండా రాసుకునేదాన్ని. పిల్లలు నన్ను చూసి ఈ మేడం నిద్రపోతోందేమో అనుకునేవాళ్ళట.

తల వంచుకుని వింటే చిత్రమైన సంగతులు తెలుస్తాయి. ఒకసారి బేస్తవారిపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి చక్కగా మొదలుపెట్టింది. అవతలి పక్షం నుంచి ఒక అబ్బాయి లేచాడు. "అడుగన్నా" అని ఆగింది. జవాబు చెప్పింది. ఇంకొకడు లేచాడు, మళ్ళీ "అడుగన్నా". నేను గీతలు పెట్టుకుంటూ పోయాను, తొమ్మిది ప్రశ్నలు. ఆ అమ్మాయి తెచ్చుకున్న వాదనలో సగం కూడా బయటికి రాకముందే టైమ్ అయిపోయింది. తర్వాత పిలిచి, చెయ్యి ఊపి కూర్చోమనొచ్చు కదమ్మా అన్నాను. నిలబడిన మనిషిని కూర్చోమని చెయ్యి ఊపితే మా అమ్మ తంతుంది మేడం అంది.

నవ్వొచ్చింది కానీ ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. ఈ నిబంధన రాసినవాళ్ళ ఇళ్ళల్లో ఎదుటివాణ్ణి ఆపడం మామూలు విషయం అయ్యుంటుంది. మా పిల్లల ఇళ్ళల్లో కాదు. అప్పటినుంచి ప్రతి పోటీకీ ముందు నిలబడి, ఇక్కడ చెయ్యి ఊపడం అమర్యాద కాదు, ఆటలో భాగం అని చెప్పడం మొదలుపెట్టాను. అలాగే "ప్రతిపక్ష నాయకుడు" అనకుండా "ఆ అన్న చెప్పినట్టు" అన్నందుకు మార్కు కోసే జడ్జిలతో దెబ్బలాడాను. అన్నా అని పిలిచి మరీ ఆ అన్న వాదనను చీల్చి చెండాడే పిల్లలు మావాళ్ళు. పిలుపులో ఏముంది, చీల్చడం సరిగ్గా జరిగిందా లేదా చూడాలి కానీ.

ఇవన్నీ చెప్పుకుంటుంటే ఈవిడకు ఈ పని బాగా వచ్చు అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించేది. వచ్చిన చిక్కు అక్కడే.

చీటీ

నేను రిటైరవ్వడానికి ముందు సంవత్సరం. మా పడమటి మండలాల కాలేజీలకు పెట్టిన పోటీలో ఫైనల్ మార్కాపురంలో. గెలిచినవాళ్ళు రాష్ట్ర పోటీకి పోతారు. ఫైనల్‌కు మాత్రం తీర్మానం వారం ముందే ఇస్తాం, చీటీ కూడా అప్పుడే తీస్తాం. ఆ ఏడాది తీర్మానం వాక్యం రాసింది నేనే. "ఈ సభ నల్లమల అంచు ఊళ్ళలో మేకలను అడవికి తోలడాన్ని నిషేధిస్తుంది." ఎక్కడో విదేశాల విషయాలు కాకుండా మన కొండ కిందిది పెట్టానని నాకు లోలోపల గర్వం.

చీటీ తీశాను. కంభం నుంచి వచ్చే జట్టుకు ప్రభుత్వ పక్షం పడింది. మార్కాపురం టౌను కాలేజీ జట్టుకు ప్రతిపక్షం. గంట తిరగకముందే కంభం జట్టును తయారుచేసే ఇంగ్లీషు లెక్చరర్ రఫీ ఫోన్ చేశాడు. కుర్రవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు. వాళ్ళ జట్టు నాయకురాలు శిరీష అనే అమ్మాయి. వాళ్ళది అర్ధవీడు మండలంలో కొండ పక్క ఊరు. వాళ్ళ నాయన గురవయ్యకు ఉన్నవల్లా మేకలే, ఆయన రోజూ తోలేది ఆ అడవికే. ఇంట్లో తిండి తినేదే మేకల మీద, ఆ పిల్ల మేకలను ఆపాలని సభలో ఎట్లా మాట్లాడుతుంది మేడం, చీటీ విన్నప్పటి నుంచి ఏడుస్తోంది, పక్షాలు మార్చండి అని బతిమాలాడు.

మార్చనన్నాను. చీటీ అంటే చీటీ. తనకు నచ్చని మాటను కూడా చెప్పగలగడమే ఈ విద్య, రేపు లాయరైతే నచ్చిన కేసులే వస్తాయా అని ఒక పెద్ద లెక్చరు కూడా ఇచ్చాను. పాపం, విన్నాడు. నేను చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ నా లోపల వేరే ఆత్రం ఒకటుంది, అది రఫీకి చెప్పలేదు. ఆ పిల్ల ఏం చెప్తుందో వినాలని నాకు మహా కుతూహలంగా ఉంది. మేకలవాళ్ళ పిల్ల మేకల మీద తీర్మానం పెడితే ఎట్లా ఉంటుంది? ఇరవై ఏళ్ళుగా నన్ను తొలిచే ప్రశ్నకు జవాబు నడిచి వస్తున్నట్టు అనిపించింది.

నాలుగు రోజులకు రఫీ మళ్ళీ ఫోన్ చేశాడు. శిరీష ఒప్పుకుంది, ఇంట్లో ఏం జరిగిందో చెప్పడం లేదు, కానీ రాసుకొచ్చిన కాగితాలు చూస్తే మతిపోయింది మేడం అన్నాడు.

ఫైనల్

మార్కాపురంలో ఒక కాలేజీ సెమినార్ హాలు. పొద్దున పదిన్నర. ఎప్పటిలాగే స్పీకరు కుర్చీ, పెద్ద జడ్జి పని రెండూ నావే. టైమ్ చూసే అమ్మాయి గంట పక్కన ఒక పలక పెట్టుకుని, దాని మీద సుద్దతో "ఒక్క నిమిషం" అని రాసుకుంది. తీర్మానం అడవి గురించి కదా అని నిర్వాహకులు అటవీశాఖ ఆఫీసరు ఒకాయనను ముఖ్య అతిథిగా పిలిచారు. ముందు వరసలో కూర్చున్నాడు, చేతిలో చిన్న నోటు పుస్తకం. నెమ్మదైన మనిషి, టీ వద్దన్నాడు.

రఫీ నా దగ్గరికొచ్చి వెనక వరస చూపించాడు. తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆయనే గురవయ్య. మేకలను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి వచ్చాడట. మేకలున్నవాళ్ళు పెళ్ళికి కూడా ఒకరు వెళ్తే ఒకరు ఆగుతారు, మంద వదిలి రారు. ఆ ఒక్క పూటకు వదిలి వచ్చాడంటే కూతురు తన మీద ఏం మాట్లాడుతుందో చూసుకుందామని కోపంతో వచ్చాడని నేను అనుకున్నాను. ఎవరూ నాకు అట్లా చెప్పలేదు. నేనే అనుకున్నాను.

శిరీష లేచింది. సన్నగా, పొట్టిగా ఉంది, మైకు ఆమెకు అందేట్టు రఫీ కిందికి వంచాడు. నేను తల వంచుకుని రాయడం మొదలుపెట్టాను. మేకలు అడవిని నాశనం చేస్తాయని అందరూ అనే మాటతో మొదలుపెడుతుందనుకున్నాను. అది కాదు. మేక నోటికందే ఎత్తు మనిషి నడుము దాకా, అంతవరకు కొరికినా వానలకు మళ్ళీ చిగురు వస్తుంది అంది. అడవి పోయేది ఎండాకాలంలో. కింద మేత అయిపోయాక మనిషి దోటి తీసుకుని పైకొమ్మలు కొట్టి మేకలకు వేస్తాడు. దోటి అంటే పొడుగాటి వెదురు కర్ర కొనకు కొడవలి కట్టింది. పైకొమ్మలు పోయిన చెట్టు రెండేళ్ళకు మోడవుతుంది. కాబట్టి ఈ సభ ముందు ఊరి బంజర్లలో మేత చెట్లు పెంచుతుంది, ఎండాకాలం నాలుగు నెలలకు మేత చూపిస్తుంది, చూపించాకనే అడవికి తోలడం నిషేధిస్తుంది. మేత చూపించకుండా పెట్టిన నిషేధం కాగితం మీదే ఉంటుంది అంది. నా పెన్ను ఆగలేదు. ఇంత పక్కాగా కట్టిన వాదన నేను చాలాకాలంగా వినలేదు.

నాలుగో నిమిషంలో ప్రతిపక్ష నాయకుడు తేజ లేచాడు. టౌను కుర్రవాడు, తెలివైనవాడు, దుర్మార్గుడేమీ కాదు. గెలవాలని వచ్చాడు. శిరీష ఆగి, అడుగన్నా అంది.

"మీ నాన్నగారు కూడా అడవికే మేకలు తోలతారని విన్నాను. ఆయన కొమ్మలు కొడతారా, కొట్టరా?"

ఇది ఇంటి మీది ప్రశ్న. అక్కడికక్కడ ఆపాలి. స్పీకరు బల్ల మీద కొట్టి సభను ఆపే చెక్కసుత్తి నా చేతి కిందే ఉంది. ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్తున్నాను. ఆ పిల్ల ఏం చెప్తుందో వినాలనిపించింది, అంతే. స్పీకరు కుర్చీలో కూర్చుని సినిమా చూసేదాన్ని అయ్యాను.

శిరీష చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"కొడతాడు అధ్యక్షా. మా నాయన కొడతాడు. దోటి నేనే అందిచ్చినా. కొట్టినప్పుడల్లా తనను తానే తిట్టుకుంటాడు, మళ్ళా కొడతాడు. మేకపిల్లలు ఆకలికి అరుస్తాంటే ఏం చేస్తాడు? జరిమానా ఏస్తే కట్టి వచ్చి మళ్ళా కొడతాడు. మేత చూపిచ్చిన రోజు ఆ దోటి ఆయనే ఇరగ్గొడతాడు. అందుకే ఈ తీర్మానం తెచ్చినాం."

నేను తల ఎత్తాను. ఏళ్ళ తరబడి పాటించిన అలవాటు ఆ ఒక్క క్షణం తప్పింది. వెనక వరసలో గురవయ్య లేచి నిలబడ్డాడు. ఆయన కూతుర్ని చూడటం లేదు, ముందు వరసలో ఆఫీసరును చూస్తున్నాడు. ఆఫీసరు వంగి నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. అడవిలో కొమ్మలు కొట్టడం నేరం. ఈ పిల్ల కన్నతండ్రిని తీసుకొచ్చి ఆ శాఖ మనిషి చేతిలో పెట్టింది, అదీ నా సభలో, నేను ఆపాల్సిన ప్రశ్నకు.

తీర్పు

మిగతా అయిదుగురూ మాట్లాడారు. తర్వాత జడ్జిలం ముగ్గురం పక్క గదిలో కూర్చున్నాం. మిగతా ఇద్దరిలో ఒకాయన దర్శి నుంచి వచ్చిన తెలుగు పండితుడు. ఇద్దరూ ప్రభుత్వ పక్షానికే వేశారు, ఇద్దరూ చూపించింది ఆ జవాబునే. ప్రశ్నను తప్పించుకోకుండా, ఎదురొచ్చిన కత్తినే తన వాదనకు పనిముట్టు చేసుకుంది అన్నాడు పండితుడు. నా షీటులో కూడా ఆ జవాబు పక్కన పెద్ద చుక్క పెట్టి ఉంది.

ఇక్కడ చిక్కేమిటో చూడండి. వాళ్ళను గెలిపిస్తే ఎందుకు గెలిచారో నేను మైకులో చెప్పాలి. తండ్రి కొమ్మలు కొడతాడని ఒప్పుకున్న ఆ జవాబే గెలిపించింది అని ఆ ఆఫీసరు ముందు, ఆ తండ్రి ముందు రెండోసారి అనాలి. వేరే కారణమేదో కల్పించి చెప్తే అది దొంగ తీర్పు. ఒకటే దారి కనిపించింది. స్పీకరు కూడా నేనే కాబట్టి ఆ ప్రశ్నను ఇప్పుడు రికార్డు నుంచి తీసేయొచ్చు. ప్రశ్నతో పాటు జవాబూ పోతుంది. అది పోతే ఆ నేరం మాటా పోతుంది, ఎవరూ పట్టుకోలేరు. కానీ అది లేకుండా మార్కులు కూడితే ప్రతిపక్షం అర మార్కు ముందుంది.

పండితుడు ఒక మాటన్నాడు. తీసేసే ముందు ఆ పిల్లను ఒకసారి అడగండమ్మా, వాళ్ళ నాయననైనా అడగండి అన్నాడు. అడిగితే ఏం చెప్తారండీ, ఆ పిల్లకు పదిహేడేళ్ళు, ఆయన మొహం చూశారా మీరు అన్నాను. అడగలేదు.

హాల్లోకి వచ్చి ప్రకటించాను. ఆ ప్రశ్న వ్యక్తిగతం, వెంటనే ఆపకపోవడం నా పొరపాటు, ప్రశ్ననూ జవాబునూ సభ రికార్డు నుంచి తీసేస్తున్నాను అన్నాను. రాసుకున్నవాళ్ళెవరైనా ఉంటే దయచేసి కొట్టేయండి అని ఆఫీసరు వైపు చూసి మరీ చెప్పాను. ఆయన మర్యాదస్తుడు. తలూపి, నోటు పుస్తకం తెరిచి పెన్నుతో ఒక పెద్ద గీత గీశాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత అర మార్కు తేడాతో ప్రతిపక్షం గెలిచిందని చెప్పాను. శిరీష ఏడవలేదు. తల తిప్పి వెనక వరస వైపు చూసింది. ఒక కుటుంబాన్ని కాపాడానని, దానికి ఒక కప్పు పోతే పోయిందని నాకు నేనే చెప్పుకున్నాను.

బస్టాండులో

మూడు గంటలకు మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సు కోసం నిలబడ్డాను. అదే బస్సుకు వాళ్ళు కూడా ఉన్నారు, రఫీ, శిరీష, గురవయ్య. కంభంలో దిగుతారు. నేనే వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. కృతజ్ఞత చెప్తారని వెళ్ళాను, అబద్ధమెందుకు. గురవయ్యన్నా, భయపడొద్దు, ఆ మాట రికార్డులో లేకుండా చేశాను, ఆ ఆఫీసరు పుస్తకంలో కూడా లేదు, నా కళ్ళతో చూశాను అని చెప్పాను.

శిరీష మొహం అటు తిప్పుకుంది.

"ఆ మాట చెప్పమనింది నేనేనమ్మా," అన్నాడు గురవయ్య.

నాకు అర్థం కాలేదు. ఆయనే నిదానంగా చెప్పుకొచ్చాడు. చీటీ పడ్డ రోజు పిల్ల తినకుండా పడుకుంటే ఏందమ్మా అని అడిగాడట. సంగతి విని, ఏడ్చేదేముంది, అడవి ఎట్ల పోతాందో నాకంటే ఎవరికి తెలుసు, రాసుకో అన్నాడట. మేకలను దొడ్లో వేసి వచ్చి వరసగా నాలుగు రోజులు కూర్చోబెట్టి చెప్పాడు. మేక నోటి ఎత్తు, పైకొమ్మలు, బంజర్లలో మేత చెట్లు, నేను గబగబా రాసుకున్నవన్నీ ఆయన చెప్పినవే. చిన్నప్పుడు ఊరి వెనకే దొరికిన మేతకు ఇప్పుడు పొద్దున బయల్దేరితే ఎండెక్కే దాకా నడవాలట. ఇదే మాట చెప్పుకుందామని ఆయన రెండుసార్లు ఆఫీసులకు వెళ్ళాడు. మేము కొమ్మలు కొడతాండాం సారూ అని మొదలుపెట్టగానే ముందు నీ పేరు, ఊరు చెప్పు అన్నారట. నోరు మూసుకుని వచ్చేశాడు.

"పోటీలో చెప్తే అది పోటీ మాట అయితాదమ్మా. ఎవరూ పట్టుకోరు, కానీ ఇంటారు. అందుకే చెప్పమన్నా. ఎవరన్నా అడిగితే నా పేరు కూడా చెప్పమన్నా."

మరి ఎందుకు లేచి నిలబడ్డావన్నా, ఆఫీసరును చూసి భయపడలేదా అని అడిగాను.

"ఇంటాండాడా లేదా అని సూడనీకి లేచినా. రాసుకుంటాండాడు. ఇన్నేండ్లకు ఒక ఆఫీసరు మా మాట రాసుకుంటాండాడే అని కూచోబుద్ధి కాలేదు. మల్ల మీరు కొట్టెయ్యమన్నారు. కొట్టేసినాడు. నేనూ సూసినా."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని. నాకు తల కొట్టేసినట్టయింది. నేను చూసింది ఒక మనిషి లేచి నిలబడటం, అంతే. భయం, కోపం, పరువు, ఇవన్నీ నేను పోసుకున్నవి. చెప్పిన మాటకే మార్కు, ఊహించుకున్నదానికి కాదు అని వందమంది కుర్రజడ్జిలకు చెప్పినదాన్ని, చెప్పిన మాటను కొట్టేసి నా ఊహకు మార్కు వేశాను. మేకలవాడంటే నోరులేనివాడు, భయపడేవాడు, ఎవరో ఒకరు కాపాడాల్సినవాడు అని నా మనసులో ముందే రాసిపెట్టుకుని ఉన్నాను. ఆ సంగతి నాకే తెలియదు.

కాబట్టి ఫోన్ చేసే కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇది. స్పీకరు కుర్చీ, జడ్జి కుర్చీ రెండూ ఇస్తే ఒకదాన్ని వెనక్కి ఇచ్చేయండి. ప్రశ్నను ఆపాలంటే వచ్చిన క్షణంలో ఆపండి, జవాబు విని ముచ్చట తీర్చుకున్నాక ఆపే హక్కు మీకు లేదు. ఎవరినైనా కాపాడాలనిపిస్తే ముందు వాళ్ళను అడగండి. వినాలనే కుతూహలం మంచిదే, అది లేనివాళ్ళు ఈ పనికి రావద్దు. నాకు ఆ రోజు ఉండకూడని చోట ఉంది, అడగాల్సిన చోట లేదు.

బస్సు ఇంకా రాలేదు. గురవయ్య తలగుడ్డ చుట్టుకుంటూ ఇంకొకటి అడిగాడు.

"తెలియక అడుగుతాండానమ్మా. ఆ మాట ఉండుంటే మా పిల్ల గెలిచేదేనా?"

గెలిచేది అన్నాను. ఎందుకని అని అడిగాడు. నేను బ్యాగులోంచి నా కాగితాలు తీశాను. ఎదుటివాళ్ళు దాచుకునే చోట మీ అమ్మాయి దాచుకోలేదని, ఆ ఒప్పుకోలుతోనే మేత ముందు, నిషేధం తర్వాత అన్న వాదన నిలబడిందని, జరిమానా ఎందుకు పనిచేయదో కొట్టేవాడి ఇంట్లోంచే సాక్ష్యం తెచ్చిందని, ప్రతిపక్షం దగ్గర దానికి జవాబు లేకపోయిందని, అందుకే ముగ్గురు జడ్జిలం ఆ పక్షానికే మొగ్గామని ఒక్కొక్కటే చదివి చెప్పాను. శిరీష అప్పుడు నా వైపు తిరిగింది. గురవయ్య మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా, తలూపుతూ చివరిదాకా విన్నాడు.

"ఈ మాటలే ఆయన ముందర చెప్పింటే సాలు గదమ్మా," అన్నాడు.

ఆఫీసరు జీపు గంట కిందటే ఒంగోలు వైపు వెళ్ళిపోయింది.